పసుపు రాసిన హెడ్‌లైట్లు

నాన్న అంబాసిడర్‌కి కొత్త లైట్లు వేయిస్తున్నానని మా చెల్లెలు విమల బాపట్ల నుంచి ఫోన్ చేసినప్పుడు నేను తెనాలిలో మా వంటింట్లో గోంగూర ఒలుచుకుంటూ కూర్చున్నాను. "చాలా సంతోషమే" అన్నాను. నిజానికి నాకు కడుపు మండిపోయింది. ఇంత వయసొచ్చాక, ఇద్దరికీ మనవలు పుట్టాక, ఒక పాత కారు కోసం కడుపు మండటమేమిటని ఎవరైనా అనొచ్చు. అనేవాళ్ళకి అక్కాచెల్లెళ్ళు ఉండి ఉండరు. ఆ బండి నాన్న దానికిచ్చి వెళ్ళాడు. నేను పెద్దదాన్ని. నాకు డ్రైవింగు దానికంటే ముందే వచ్చు. అయినా దానికే ఇచ్చాడు. అప్పటినుంచీ నేను ఆ బండి ఎక్కలేదు. బాపట్ల వెళ్ళినప్పుడు అది స్టేషనుకి బండి తీసుకొచ్చినా, నడుమునొప్పి వంక పెట్టి ఆటోలోనే వెళ్ళేదాన్ని.

ఈ మధ్య మాత్రం నాకు కొంచెం ఆశ పుట్టింది. విమల కళ్ళు బాగా తగ్గాయి. పొద్దుగూకాక బండి తియ్యొద్దని కళ్ళ డాక్టరు చెప్పాడట. మా విమల ఒప్పుకునే మనిషి కాదు. తప్పు కళ్ళది కాదు, లైట్లదే అని దాని వాదన. "అక్కా, ఒక మాటనుకుందాం. కొత్త లైట్లు ఏయించి, మన రేపల్లె రోడ్డు మీద, పొద్దున్నే మంచులో తోలి చూస్తా. కనపడిందా, బండి నా దగ్గరే. కనపళ్ళేదా, ఆ రోజే తాళాలు నీ చేతిలో పెట్టేస్తా. నువ్వు కూడా పక్కన కూచుని చూడు" అంది. ఆ మాట విన్నాక ఇంక ఒలిచే గోంగూర ఎవరికి కావాలి? మర్నాడే రైలెక్కాను. లైట్లు చక్కగా వెలగాలని కోరుకుంటూ వెళ్ళానని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

ఆ రోడ్డు, ఆ మంచు ఏమిటో చెప్పాలి. నాన్న కొల్లూరు లంకల్లో అరటి తోటలు గుత్తకి తీసుకుని గెలలు ఊళ్ళకి పంపే వ్యాపారం చేసేవాడు. మీగడ రంగు అంబాసిడర్‌ని సెకండ్ హ్యాండులో కొన్నాడు. కొన్న నాటినుంచీ దాని డిక్కీలో గెలలు మగ్గుతూనే ఉండేవి కాబట్టి మా బండి ఎప్పుడూ పెట్రోలు, పండిన చక్కెరకేళి కలిసిన వాసన వేసేది. మా అమ్మమ్మ రేపల్లెలో ఒక్కతే ఉండేది. శనివారం బడి వదలగానే అందరం బండెక్కి అమ్మమ్మ దగ్గరికి పోవడం, సోమవారం తెల్లవారుజామున చీకట్లోనే బయల్దేరి బడి గంట కొట్టేలోపు తెనాలి చేరడం. నా చిన్నతనమంతా ఈ రాకపోకల్లోనే గడిచింది. సోమవారం అమ్మమ్మ అందరికంటే ముందు లేచి కుంపటి రాజేసి దిబ్బరొట్టె కాల్చేది. అడుగు మాడిన మినప్పిండి వాసనకే మాకు మెలకువ వచ్చేది. ఆ రొట్టెని వేడిగా ఇత్తడి గిన్నెలో పెట్టి, పైన పాత పంచె ముక్క కట్టి నా ఒళ్ళో పెట్టేవాళ్ళు. దానితోపాటు ఊరగాయ జాడీ నా కాళ్ళ మధ్య. పక్కన అమ్మ. బండి ఊరు దాటకముందే అమ్మ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయేది. వెనక సీటులో నా సంసారం అది.

ముందు సీటు విమలది. బండెక్కితే దానికి వాంతులయ్యేవి. ముందు కూర్చుని గాలి తగులుతుంటే కావు. అందుకని నాన్న పక్కన, ఎడమవైపు కిటికీ దగ్గర అది. నాకు కూడా వాంతులు రావాలని ఎన్నిసార్లు మొక్కుకున్నానో. ఒకసారి కావాలని పచ్చి చింతకాయలు తిని ఎక్కాను. పళ్ళు పులిసిపోయాయి తప్ప కడుపులో కదలిక కూడా లేదు. నాది రాయి అరిగించుకునే కడుపని అమ్మమ్మ గర్వంగా అందరికీ చెప్పుకునేది.

ముందు సీటు అంటే ఊరికే సీటు కాదు, ఉద్యోగం. ఆ రోజుల్లో లైటు అద్దం పై సగానికి నల్ల రంగు వెయ్యాలి, ఎదుటివాడి కళ్ళలో పడకుండా. ఉన్న వెలుతురులో సగం అక్కడే పోయేది. మిగిలిన సగం ఇంజను వేగం మీద ఆధారపడి ఉండేది. బండి జోరుగా పోతే లైటు వెలిగేది, నెమ్మదిస్తే అదీ మందగించేది. మంచులో నెమ్మదిగా పోవాలి. నెమ్మదిగా పోతే దారి కనపడదు. మార్గశిరం, పుష్యమాసాల్లో మా రోడ్డు మీద మంచు అంటే చెయ్యి చాపితే చెయ్యి కనపడని మంచు. రోడ్డుకి ఎడమ పక్కనే కాలవ. అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. ఎడమవైపు కూర్చున్నవాళ్ళు తల బయటికి పెట్టి కాలవ కట్ట మీది గడ్డినే చూస్తూ ఉండాలి. గడ్డి దగ్గరైతే "కట్ట!" అని అరవాలి. నాన్న స్టీరింగు కుడికి తిప్పేవాడు. "శభాష్ చిట్టితల్లీ!" అనేవాడు. దాన్ని చిట్టితల్లీ అనేవాడు. నన్ను పెద్దమ్మాయ్ అనేవాడు. ఈ రెండు పిలుపులకీ ఎంత తేడా ఉందో పెద్దమ్మాయిలకి మాత్రమే తెలుస్తుంది.

పసుపు సంగతి మా అమ్మ చేసిన పొరపాటు. ఒక దసరాకి బండికి పూజ చేస్తూ, బొట్టు పెట్టి ఊరుకోకుండా, అరచేతినిండా తడి పసుపు తీసుకుని గడపకి రాసినట్టు రెండు లైట్లకీ అద్దం మొత్తం మెత్తేసింది. "బండికి నలుగు పెట్టావేంటే!" అని నాన్న లబలబలాడాడు. ఆరిపోయాక అది ఒక పట్టాన వదల్లేదు. ఆ ఏడు మంచు ముందే పడటం మొదలై, ఆ వారం తిరుగు ప్రయాణంలోనే కమ్మింది. "అదేంటోగానే, లైటు మొహాన కొట్టకుండా నేల మీద పడతందే" అన్నాడు నాన్న. అంతే, మా ఇంటికి అదొక ఆచారమైపోయింది. మంచు నెలల్లో ఆదివారం సాయంత్రం లైట్లకి పసుపు రాయడం. రాసేది ఎవరు? పెద్దమ్మాయి. ఒక చుక్క ఆముదం కలిపి పలచగా అద్దాలి. సోమవారం బడిలో నా చేతులు చూసి ఆడపిల్లలు "పెళ్ళెప్పుడే?" అని ఏడిపించేవాళ్ళు. విమల చేతులు మాత్రం తెల్లగా, శుభ్రంగా ఉండేవి. చాకిరీ నాది, శభాష్ దానిది.

ఊరుకున్నానా? ఊరుకోలేదు. రొట్టె గిన్నె ఒళ్ళో పెట్టుకునే ముందుకి వంగి, వాళ్ళ సీటు వీపు మీద గడ్డం ఆనించి, విమల చెవి పక్కనుంచి కట్టని నేనూ చూసేదాన్ని. దానికంటే ముందు చూడాలి, అది తప్పు చెయ్యాలి, నాన్న "పెద్దమ్మాయ్, నువ్వు ముందుకి రా" అనాలి. నా కోరికంతా అదే. గడ్డి కనపడగానే దాని చెవిలో "అదుగో కట్ట, గుడ్డిదానా" అని గుసగుసలాడేదాన్ని. అది వెంటనే గొంతెత్తి "కట్ట!" అనేది. శభాష్ దానికే దక్కేది. "నేను ముందు చెప్పా నాన్నా!" అంటే నాన్న వెనక్కి తిరక్కుండా "సరేలే, ఇద్దరూ చెప్పారు" అనేవాడు. జంపని దగ్గర చెరకు బళ్ళు వరసగా నిలబడి ఉండేవి. అక్కడికి వచ్చేసరికి కొంచెం తెల్లవారేది. అప్పుడు విమల నాన్న భుజం మీదికి ఒరిగి హాయిగా నిద్రపోయేది. నాకు ఒక్క కన్నయినా మూతపడేది కాదు. అక్కణ్ణుంచి తెనాలి వచ్చేదాకా దాని జడనే చూస్తూ, లాగాలా వద్దా అనుకుంటూ కూర్చునేదాన్ని. తరవాత హైస్కూల్లో బోర్డు కనపడటం లేదని దానికి కళ్ళజోడు పెట్టారు. బంగారు రంగు ఫ్రేము. దానికీ కుళ్ళుకున్నాను.

బాపట్లలో మస్తాన్ గారి ఆటో ఎలక్ట్రికల్ షాపు ముందు బండిని చూడగానే నాకు మళ్ళీ అదే పాత మంట మొదలైంది. విమల దాన్ని ఎంత బాగా చూసుకుంటోందంటే నేను వంక పెట్టడానికి ఒక్క గీత కూడా లేదు. మస్తాన్ గారు మాటకారి. లైటు చుట్టూ ఉన్న నికెలు రింగు ఊడదీసి లోపలికి చూసి, "ఇదేంటండీ అమ్మగారూ, పచ్చగా పెచ్చులు?" అన్నాడు. రింగు సందులో ఎన్నేళ్ళనాటి పసుపో గట్టిపడి ఉంది. ఆయన స్క్రూడ్రైవరుతో గీకితే రాలింది. "పసుపండి. మేమే రాసేవాళ్ళం" అన్నాను. మేమే అన్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. రాసింది నేను. "బాగుందండి. పెళ్ళికూతుర్ని చేశారన్నమాట" అని నవ్వి ఆ పెచ్చుల్ని చీపురుతో ఊడ్చేశాడు.

మధ్యాహ్నందాకా పని నడిచింది. పాత వైర్లన్నీ పీకి లావువి లాగాడు. "సన్న వైరులో కరెంటు దార్లోనే అలిసిపోద్దండి, లైటు దాకా ఏం వస్తది?" అన్నాడు. ఇంజనుకి కొత్త ఆల్టర్నేటరు ముందే పెట్టించిందట మా విమల, ఇంక వేగంతో పని లేకుండా లైటు ఒకేలా వెలుగుతుంది. చివరికి ఎల్ఈడీ లైట్లు బిగించి, షట్టరు దించి షాపు చీకటి చేసి స్విచ్ నొక్కాడు. ఎదుటి గోడ మీద సున్నం పొరలు కూడా లెక్కపెట్టొచ్చు, అంత తెల్లటి వెలుగు. "ఇక్కణ్ణుంచి ఏస్తే చీరాల కనపడుద్దండి!" అన్నాడు మస్తాన్ గారు. విమల చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"మంచులోనో?" అన్నాను, చివరి ఆశ కొద్దీ.

"మంచెంతండీ! చీల్చుకుని పోద్ది."

విమల నిమ్మకాయలు తొక్కించి, బానెట్ మీద పసుపూ కుంకుమా పెట్టి, మిగిలిన పొట్లాలు డాష్‌బోర్డు అరలో పడేసింది. పాత లైట్లు రెండూ న్యూస్ పేపర్లో చుట్టి నా చేతికిచ్చింది. "నీకు ఇట్టాంటి పాతవి ఇష్టంగా అక్కా, ఉంచుకో" అంది. ప్రేమగానే అంది. బండి దానికి, గాజు పెంకులు నాకు. ఇన్నేళ్ళ తరవాత ఆ బండెక్కి, అలవాటుగా వెనక సీటులోనే కూర్చుని, ఆ పొట్లం ఒళ్ళో పెట్టుకుని రేపల్లె దాకా కిటికీలోంచి బయటికే చూశాను. ఒళ్ళో బరువు మాత్రం రొట్టె గిన్నె అంతే ఉంది.

ఆ రాత్రి మా మామయ్య కొడుకు ఇంట్లో పడుకున్నాం. అమ్మమ్మ ఇల్లు ఉన్న చోట ఇప్పుడు ఫోన్లు బాగుచేసే షాపులున్నాయి. తెల్లవారుజామున బయల్దేరేటప్పుడు కుంపటి లేదు, మాడిన రొట్టె లేదు. వాళ్ళావిడ ఫ్లాస్కులో కాఫీ పోసిచ్చింది. విమల స్టీరింగు ముందు కూర్చుని "ముందుకి రా అక్కా" అని ఎడమవైపు తలుపు తెరిచింది. ఆ సీటు కోసం ఎన్నేళ్ళు ఏడ్చానో దానికి తెలియదు. పాత లైట్ల పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే స్ప్రింగు గుచ్చుకుంది. ఇంతేనా అనిపించింది.

ఊరు దాటేదాకా వెలుగు అద్భుతంగా ఉంది. గతుకులూ, మైలురాళ్ళూ, గట్టున పడుకున్న కుక్కా అన్నీ పట్టపగల్లా కనిపించాయి. విమల నావైపు గర్వంగా చూసింది. నేను ఫ్లాస్కు మూత బిగించాను. భట్టిప్రోలు దాటాక మంచు మొదలైంది. ముందు పొగలాగా పలచగా, తరవాత ఒక్కసారిగా. చీరాల కనపడాల్సిన లైటు ఆ మంచు మీద పడి తెల్ల గోడై మా మొహాల మీదికే తిరిగొచ్చింది. విమల డిమ్ చేసింది, మళ్ళీ పెంచింది. గోడ కదల్లేదు. రోడ్డు ఇప్పుడు వెడల్పు చేశారు, కొన్నిచోట్ల రెయిలింగు కూడా వేశారు. లేని చోట్ల కాలవ ఎప్పటిలాగే పక్కనే ఉంది. విమల ఫోనులో పెట్టిన మ్యాపు నేరుగా వెళ్ళమని చెబుతోంది. కట్ట సంగతి దానికేం తెలుసు?

"ఏం కనపట్టంలా అక్కా" అంది విమల, స్టీరింగు మీదికి పూర్తిగా వంగిపోయి.

సంతోషించాను. అబద్ధం చెప్పడం ఎందుకు, బండి నాదైపోయిందనే సంతోషించాను. ఆ సంతోషంలోనే కిటికీ అద్దం దించి తల బయటికి పెట్టాను. తడిసిన గడ్డి చక్రం పక్కకి వచ్చేసింది. "కట్ట!" అని కేక పెట్టాను. విమల చటుక్కున కుడికి తిప్పింది. ఇంకొంచెం దూరం పోయాక మళ్ళీ "కట్ట!" అన్నాను. మళ్ళీ తిప్పింది. అప్పుడు అది నవ్వడం మొదలుపెట్టింది.

"ఏంటే ఆ నవ్వు? చస్తామని భయం లేదా?"

"అప్పుడూ ఇంతే కదా అక్కా. నువ్వు చెప్తే తిరిగేది బండి."

"నేనెక్కడ చెప్పానే? నువ్వేగా అరిచేదానివి."

"నాకు గడ్డేంటి, కిటికీ అంచే సరిగ్గా కనపడేది కాదు. నా కళ్ళు ఎప్పుడు బాగున్నయ్యి? నువ్వు చెవిలో గొణిగితే అదే అరిచేదాన్ని."

హైస్కూల్లో దానికి కళ్ళజోడు వచ్చినప్పుడే ఈ సంగతి నాకు తట్టి ఉండాలి. అప్పుడు నేను ఫ్రేము రంగే చూస్తూ కూర్చున్నాను.

"మరి నాన్నకి చెప్పలా?"

"చెప్పా. ఒకరోజు ఏడుపొచ్చి, నాకేం కనపట్టంలా నాన్నా, అక్కని ముందు కూచోబెట్టమన్నా."

"ఏమన్నాడు?"

విమల బండి నెమ్మది చేసి పక్కకి ఆపింది. మూసి ఉన్న ఒక టీ కొట్టు ముందు ఇంజను ఆపేసి చెప్పింది. "మంచులో ఎవరికి కనపడుద్దిలేమ్మా, అన్నాడు. నువ్వు ఊరికే కూచో. అక్కని ముందు కూచోబెడితే అమ్మలాగే నిద్రపోద్ది. నిన్ను కూచోబెట్టా కాబట్టి ఎనకాల అది రెప్ప ఎయ్యదు. మన పెద్దమ్మాయి కుళ్ళే మనకి లైటు, దానికి మాత్రం చెప్పబాక, అన్నాడు."

కోపం వచ్చింది. తెలిసి కూడా ఒక్కసారి వెనక్కి తిరిగి నాకు శభాష్ అనలేదు ఆ మనిషి. ఇంటిల్లిపాది ప్రాణాలూ నా కుళ్ళు మీద పెట్టి నిశ్చింతగా బండి తోలాడు. మరుక్షణం ఏడుపు కూడా వచ్చింది. అంత నమ్మకం ఆయన ఇంకెవరి మీదా పెట్టుకోలేదు.

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు చూడటం మానేస్తావని నాన్న వద్దన్నాడుగా. తర్వాత మర్చిపోయా అక్కా." మర్చిపోయిందట. నేను అరచేతిలో నిప్పులా పట్టుకు తిరిగిన సంగతిని అది మర్చిపోయింది. స్టీరింగు దగ్గరున్న తాళాలు తీసి నా ఒళ్ళో, పాత లైట్ల పొట్లం మీద పెట్టింది. "మాటంటే మాటే. బండి నీది" అంది.

దిగాను. డాష్‌బోర్డు అరలోంచి పసుపు పొట్లం తీసి, సీసాలో నీళ్ళు కలిపి, ఆ కొత్త లైట్ల మీద రెండు చేతులతో పలచగా మెత్తాను. మస్తాన్ గారు చూస్తే ఏడ్చేవాడు. లైటు వెలిగిస్తే గోడ కొంచెం కిందికి దిగింది. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. విమల నా సీటులోకి, అంటే దాని పాత సీటులోకి మారింది. శాలువా కప్పుకుని, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. నేను మెల్లగా బండి కదిలించాను.

బండి నాది. స్టీరింగు నాది. శభాష్ కూడా ఆలస్యంగానైనా నాదేనని తేలింది. ఇక కుళ్ళుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. అదేం చిత్రమో, అప్పటినుంచీ నాకు కట్ట కనపడటం మానేసింది. కళ్ళు నులుముకున్నాను, అద్దం దించాను, ఎంత చూసినా మంచే. వెనక సీటు ఖాళీ. చెవి పక్కన గొణిగేవాళ్ళు ఎవరూ లేరు. వేమూరు ఎంత దూరంలో ఉందో కూడా తెలియడం లేదు. ఇక ఎండ వచ్చేదాకా ఆపేద్దామనుకుని, ఆ మాట చెప్పడానికి పక్కకి తిరిగాను.

విమల నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని, చెంప కిటికీకి ఆనించి, ప్రపంచంలో ఏ చింతా లేనట్టు నిద్రపోతోంది. బండి పోయిన బాధ లేదు, కాలవలో పడతామన్న భయం లేదు. అక్క ఉందిగా, చూసుకుంటుంది. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. జన్మంతా ఇది ఇలా హాయిగా నిద్రపోతూనే వచ్చిందే అనుకునేసరికి నా ఒళ్ళు భగ్గుమంది. పళ్ళు కొరుకుతూ ముందుకి చూశాను. ఎడమ పక్కన, చక్రానికి జానెడు దూరంలో, మంచుకి తడిసిన గడ్డి పోచ పోచా కనిపిస్తోంది.